నాన్నగారికి నేను అంటించిన అంతర్ముఖత్వం

మా రామచంద్రపురం బజార్లో మా నాన్నగారి నోరు మూయించగలిగిన మనిషి ఇంతవరకు ఒక్కరే పుట్టారు. ఆ ఒక్కరూ నేనే. కత్తి చూపించలేదు, కర్ర ఎత్తలేదు, సైకాలజీతో మూయించాను. అదీ ఆయన నోరు తెరిచి తీరాలనుకున్న రోజున, ఊళ్ళో పెద్దలంతా కుర్చీలు నింపుకుని కూర్చున్న సభలో. ఈ సంగతి చెప్పేటప్పుడు సిగ్గుపడాలని నాకు తెలుసు. ప్రతిసారీ సిగ్గుతోనే మొదలుపెడతాను. కానీ చివరికొచ్చేసరికి ఎందుకో గర్వమే మిగులుతుంది. మీరే విని చెప్పండి.

అప్పటికి నేను ఎం.ఏ. సైకాలజీ పూర్తిచేసి రాజమండ్రి నుంచి ఇంటికొచ్చి నెల కూడా కాలేదు. మా వంశంలో ముత్తాత దగ్గర్నుంచి అందరూ గుడ్డలు కొలిచినవాళ్ళే. మనుషుల్ని కొలవడం నేర్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ గర్వంతో నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త సైకాలజిస్టు పొద్దుతో పాటు ఇరుగుపొరుగును కూడా ఎరగదు. పాలు పోసే ఆయన గుమ్మంలో ఇంకో రెండు ముక్కలు ఎక్కువ మాట్లాడితే బహిర్ముఖుడని తేల్చేదాన్ని. కూరగాయలావిడ వంకాయలన్నీ తొడిమలు ఒకేవైపుండేలా పేర్చుకుంటే ఆవిడలో క్రమశిక్షణ పాలు హెచ్చు. పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి ఇవాళ మీ కూరేంటని అడిగితే కొత్త అనుభవాల పట్ల ఆసక్తి. మా అమ్మ ఒక్కతే నా శాస్త్రానికి లొంగలేదు. "నా వ్యక్తిత్వం ఎక్కడికీ పోదు గానీ, ముందు ఆ చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యి" అంది.

ఇక మిగిలింది నాన్నగారు. మెయిన్ రోడ్డులో మాకు బట్టల కొట్టుంది. ఆయన్ని బజారంతా సత్యంగారంటారు. ఇంట్లో ఆయన వాడే నిఘంటువు మొత్తం మూడు మాటలు: "ఊఁ", "ఆఁ", "మజ్జిగ". కొట్టు కట్టేసి రావడం, కాళ్ళు కడుక్కోవడం, అన్నం తినడం, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చోవడం. అంతే. నేను కాలేజీ కబుర్లు చెబుతుంటే వినేవారు. ఏదన్నా అడిగితే నవ్వేవారు. ఆ నవ్వు వెనక ఎంత సంఘర్షణ ఉందో అని నేను లోలోపల కుమిలిపోయేదాన్ని.

కొట్లో ఆయన ఎలా ఉంటారో నీకు తెలియదా అని మీరడగవచ్చు. తెలియదండి. ఆరో తరగతి నుంచీ నేను హాస్టళ్ళలో పెరిగాను. సెలవుల్లో కొట్టుకెళ్తే, బేరాల మధ్య ఆడపిల్ల నలిగిపోతుందని నన్ను వెనక గదిలో కూర్చోబెట్టి వేడి వేడి పకోడీలు తెప్పించేవారు. ముందు నుంచి ఒక గొంతు గలగలా వినిపిస్తూనే ఉండేది. వెంటనే జనం గొల్లున నవ్వేవారు. అది మా గుమాస్తా వీర్రాజు గొంతనుకునేదాన్ని. నాన్నగారిది అనుకోవడానికి ఇంట్లో ఎప్పుడైనా వింటే కదా.

ఇలా ఉండగా మా బజారు వర్తకుల సంఘం వాళ్ళు ఆ ఏడాది నాన్నగారికి సన్మానం చేయాలని తీర్మానించారు. మా వైపు సన్మానానికి ఒక పద్ధతుంది. శాలువా కప్పుతారు, దండ వేస్తారు, జ్ఞాపిక చేతికిస్తారు, ఆనక సన్మానం అందుకున్నవారు తమ స్పందన తెలియజేయాలి. ఆ స్పందన కోసమే సగంమంది వస్తారు, మిగతా సగం భోజనాల కోసం వస్తారు. ఆ మాట వినగానే నాకు నాన్నగారి నిఘంటువు గుర్తొచ్చింది. మూడు మాటల మనిషి మైకు ముందు నిలబడి ఏం చెబుతారు? సభాముఖంగా మజ్జిగ అడుగుతారా?

ఇక ఆ రోజు నుంచి ఆయన్ని వెయ్యి కళ్ళతో గమనించాను. లక్షణాలన్నీ పుస్తకంలో ఉన్నట్టే దిగాయి. తెల్లవారగానే డాబా ఎక్కి అటూ ఇటూ పచార్లు చేసేవారు. పెదాలు కదిలేవి, మాట పైకి వచ్చేది కాదు. ఆందోళన అని రాసుకున్నాను. చెయ్యి ఒక్కోసారి గాల్లోకి లేచి, ఎవరో చూస్తున్నారన్నట్టు దిగిపోయేది. అణచివేత. రోజూ మిరియాల పాలు తాగడం మొదలుపెట్టారు. మనసులో భయం గొంతులో తేలిందన్నమాట. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు నయం, కనీసం కుందేలును పట్టాడు. నేను ఆనపకాయను పట్టుకుని దాని కాళ్ళు లెక్కపెడుతున్నాను.

అమ్మతో అన్నాను: "అమ్మా, నాన్నగారు అంతర్ముఖులు. మైకు ముందు నిలబడడమంటే ఆయనకి నరకం."

"ఎవరికి?" అంది అమ్మ.

"నాన్నగారికి."

అమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని నాకేసి చూసింది. "ఆయన చెప్పారా నీకు?"

"చెప్పరు. అడిగినా కాదంటారు. దాన్ని మేం నిరాకరణ అంటాం. లోపలి బాధను ఒప్పుకోలేక మనసు వేసుకునే తడిక."

"ఒకవేళ అవునంటే?"

"అవునంటే ఒప్పుకున్నట్టేగా."

"అలాగైతే ఇంక ఆయన్ని అడగడం దేనికి" అంది అమ్మ, మళ్ళీ ఈనెల్లో పడిపోతూ. అది వెటకారమని నాకు అప్పుడు తెలియలేదు. పెద్దల సమ్మతి దొరికిందనుకున్నాను.

అయినా శాస్త్రం శాస్త్రమే కనుక డాబా మీదికెళ్ళి ఆయన్నీ అడిగాను. "నాన్నగారూ, ఆ సభ గురించి లోపల ఏమన్నా కంగారుగా ఉందా?"

ఆయన పచార్లు ఆపి ఆలోచించి, "ఊఁ" అన్నారు.

ఇంకేం కావాలి. రోగి స్వయంగా ఒప్పుకున్నాడు.

ఆ మర్నాడే సంఘం కార్యదర్శి భాస్కర్రావుగారి ఇనుప కొట్టుకి వెళ్ళాను. ఆయనా నాన్నగారూ చిన్నప్పటి నుంచి స్నేహితులు. "రామ్మా, రా. కూర్చో. ఎండన పడొచ్చావు, ముందు చల్లగా ఏదన్నా తాగు" అన్నారాయన.

"నాన్నగారి గురించి ఒక మాట చెప్పిపోదామని వచ్చానండి. ఆయన దగ్గర అనకూడదు."

"చెప్పమ్మా."

"సభలో ఆయన చేత మాట్లాడించకండి. మైకు ఆయన దగ్గరికి రానివ్వకండి. ఆయన పడే అవస్థ పైకి చెప్పుకోలేరు."

భాస్కర్రావుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఎప్పట్నుంచో ఉండే ఉంటుందండి. నేను ఈ మధ్యనే కనిపెట్టాను."

"మరి నిన్న సాయంత్రం కూడా ఇక్కడే కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పాడే?"

తెలివున్నదైతే ఇక్కడ ఆగేది. నేను ఇంకా విజృంభించాను. "అదంతా ముసుగండి. బయటి ప్రపంచం కోసం మనిషి తొడుక్కునే ముసుగు. లోపల ఎంత నలిగిపోయారో మీకు తెలియదు."

"అంత బాధ దిగమింగి నాతో నవ్వుతూ మాట్లాడాడా?" ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "మందులేమన్నా వాడుతున్నారా అమ్మా?"

"దీనికి మందులుండవండి. చుట్టూ ఉన్నవాళ్ళు అర్థం చేసుకుని, మాట్లాడమని ఒత్తిడి చెయ్యకపోతే అదే చాలు."

"ఆయ్" అన్నారాయన, కండువాతో కళ్ళొత్తుకుంటూ. "చదువుకున్న పిల్లవి, ఇంట్లో ఉన్నావు కాబట్టి సరిపోయింది. మేం చూసుకుంటాం తల్లీ."

ఇక్కడ మా గోదావరి మర్యాద గురించి మీకు చెప్పాలి. ఎదుటివాడి జబ్బు పేరేమిటని గుచ్చి గుచ్చి అడగడం మా వైపు మర్యాద కాదు. పేరు తెలియకపోయినా ఆ సంగతి నలుగురికీ చెప్పి, తలో సాయం పట్టమనడం మాత్రం మర్యాదే. భాస్కర్రావుగారు సహజంగానే మహా మర్యాదస్తులు. సాయంత్రానికల్లా బజారంతా పాకింది. పాపం సత్యంగారికి గొంతులో ఏదో వచ్చిందట, మాట్లాడితే ప్రమాదమట, మనం అడిగితే నొచ్చుకుంటారు, ఎవరూ అడక్కండి, మాట్లాడనివ్వకండి.

తర్వాత ఏం జరిగిందో వీర్రాజు ఇప్పటికీ కథగా చెబుతాడు. ద్రాక్షారామం అవతల నుంచి మా కొట్టుకి ఏళ్ళ తరబడి వచ్చే రైతుకుటుంబం మంగాయమ్మగారిది. ఆవిడ వచ్చి పరుపు మీద కూర్చోగానే నాన్నగారు మామూలుగా, "రండమ్మా, ఊడ్పులు అయిపోయినట్టేనా" అని మొదలెట్టబోయారు. ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకుని, "వద్దు బాబుగారూ, మీరు శ్రమపడకండి" అని, కావలసిన చీరను వేలితో చూపించి, ధర కూడా వేళ్ళతోనే అడిగి, బేరమన్న మాటెత్తకుండా సంచీలో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ ఆయన వంక జాలిగా చూసి నిట్టూర్చింది. ఆ వెనక వచ్చినవాళ్ళూ అంతే. నాలుగు రోజులపాటు మా కొట్లో మూకాభినయం నడిచింది. ఇంటికేమో కరక్కాయలు, తేనె, అతిమధురం వచ్చి పడుతున్నాయి. తెచ్చినవాళ్ళెవరూ ఎందుకు తెచ్చారో చెప్పరు. వాళ్ళ మర్యాద అది. అమ్మ ఎందుకని అడగదు. ఆవిడ మర్యాద అది.

మూడో నాడు నాన్నగారు అన్నం ముందు కూర్చుని నిండైన వాక్యం మాట్లాడారు. "బజార్లో నాతో ఎవ్వరూ బేరమాడ్డం లేదు. నా మొహంలో ఏమన్నా మార్పు కనబడతందా?"

అమ్మ కంగారుపడింది. నాకు మాత్రం ఆనందం పట్టలేదు. చూశారా, మాట్లాడమనే ఒత్తిడి తగ్గేసరికి మనిషి తనంతట తానే వికసిస్తున్నాడు. నా వైద్యం పనిచేస్తోంది.

సభ రోజు రానే వచ్చింది. కల్యాణమండపం నిండిపోయింది. నాన్నగారు మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని వేదిక మధ్య కూర్చున్నారు. ముందు వరసలో నేనూ అమ్మా. శాలువా అయింది, దండ అయింది, జ్ఞాపిక అయింది. నాన్నగారు కుర్చీ అంచుకి జరిగి, కండువా సర్దుకుని, చిన్నగా దగ్గారు. అంతే, సభలో సగంమంది అయ్యో అన్నారు. భాస్కర్రావుగారు చటుక్కున ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టేశారు.

"వద్దు సత్యం. మాకు తెలుసు."

"ఏం తెలుసు?" అన్నారు నాన్నగారు.

"అంతా తెలుసు. నువ్వు శ్రమపడకు." ఆయన మైకు తీసుకున్నారు. "సన్మానం అందుకున్నవారి స్పందన ఈరోజు ఉండదండి. కారణం మీ అందరికీ తెలిసిందే. వారి బదులుగా వారి కుమార్తె, సైకాలజీలో ఎం.ఏ. చదివిన హైమావతిగారు రెండు ముక్కలు మాట్లాడతారు."

నాన్నగారి మొహం చూశాను. పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకుతో ముహూర్తం మీకు కాదండి అన్నట్టుంది ఆ మొహం. అది చూసి కూడా, గండం గట్టెక్కిన ఉపశమనమే అది అని నేను నిర్ధారించుకున్నాను. అంత ధీమాగా పొరబడడానికి ఉత్తి బుద్ధి చాలదు, పోస్టు గ్రాడ్యుయేషన్ ఉండాలి.

వేదికెక్కి అందుకున్నాను. "సభకు నమస్కారం. మనలో ప్రతివాడికీ ఒక బయటి నేను, ఒక లోపలి నేను ఉంటాయి. మా నాన్నగారు మితభాషి."

ఒక మూల నుంచి నవ్వు వినిపించింది.

"మౌనమే ఆయన స్వభావం. నలుగురిలో నోరు విప్పడం ఆయన వల్ల కాదు."

నవ్వు ఇంకో మూలకి పాకింది. నా ఉపన్యాసం రంజుగా ఉందనుకుని గొంతు పెంచాను. "ఎదుటివారితో మాట కలపాలంటే ఆయన ఎంతో మథనపడతారు."

ఈసారి హాలంతా ఒక్కసారి విరగబడింది. ఆ నవ్వుల్లోంచి మంగాయమ్మగారు లేచి నిలబడ్డారు. "అమ్మాయిగారూ, మితభాషంటే తక్కువ మాట్లాడేవారనేనాండీ?"

"అవునండి."

"అయితే మీరు చెప్పేది ఈయన గురించి కాదేమోనండి. మా ముగ్గురాడపిల్లల పెళ్ళిబట్టలూ ఈయన దగ్గరే తీశామండి. కాకినాడలో ఎంత పెద్ద ఏసీ షాపులున్నా ఇక్కడికే వస్తాం. పొద్దున్న వచ్చి కూర్చుంటే ఈయన మాటలకి నవ్వి నవ్వి పొద్దుగూకినట్టు కూడా తెలీదండి. ఇంతకీ గొంతులో ఏమైందండీ ఆయనకి?"

"గొంతులో ఏమీ కాలేదండి" అన్నాను.

"మరెక్కడండీ?"

"వ్యక్తిత్వంలోనండి."

ఆ అవయవం ఎక్కడుంటుందో అందరూ ఆలోచిస్తున్నట్టున్నారు. భాస్కర్రావుగారు నోరు తెరుచుకుని నావైపు చూశారు. అప్పుడు నాన్నగారు లేచి, నా చేతిలోంచి మెల్లగా మైకు తీసుకున్నారు.

"నా గొంతు శుభ్రంగా ఉందండి" అన్నారు. వెనక గదిలో పకోడీలు తింటూ ఏళ్ళ తరబడి విన్న గొంతు అది. "ఈ నాలుగు రోజులూ మీరంతా నన్ను చూసి కళ్ళు తుడుచుకుంటంటే, నేను పోతున్నానేమో, నాకొక్కడికే చెప్పలేదేమో అనుకున్నానండి. రాత్రి వీర్రాజుకి కొట్టు తాళాల సంగతి కూడా అప్పజెప్పేశాను."

మండపం కప్పు ఎగిరిపోయేంత నవ్వు. ఆయన దాన్ని ఆగనిచ్చారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో ఆయనకి తెలుసు.

"మా అమ్మాయి అబద్ధం చెప్పలేదండి. అది చూసిన నన్ను అది చెప్పింది. ఇంట్లో నేను నోరు విప్పను. ఎందుకంటే కొట్లో నేను ఆడే ప్రతి మాటా బేరమేనండి. ఈ రంగు మీకు బాగుంటుందమ్మా అన్నా బేరమే. ఎండగా ఉంది, కాసిని మంచినీళ్ళు తాగండన్నా అందులో ఓ చుక్క బేరం ఉంటది. ఇంటికెళ్ళి నా పిల్ల పక్కన కూర్చుంటే, అక్కడ నాకు అమ్మాల్సిందేం లేదండి. అందుకని ఊరుకుంటాను. అంత సుఖం నాకింకెక్కడా లేదు."

ఎదుట జనం ఎలా ఉన్నారో నాకు కనిపించలేదు. కళ్ళు మసకబారిపోయాయి.

"నేను ఇన్నాళ్ళ నుంచి డాబా మీద తిరుగుతా సాధన చేసిన ముక్క ఇదొక్కటేనండి. ఇది చెప్పాలనే ఈ సన్మానానికి ఒప్పుకున్నాను. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు దాటలేదు. నేను కాలేజీ గుమ్మం ఎక్కలేదు. ఇదిగో, ఇది ఎం.ఏ. మేం గుడ్డలు కొలిచాం, ఇది మనుషుల మనసులు కొలుస్తానంటంది. మొదటి కొలతే కాస్త తప్పింది. తప్పితే ఏమైందండి? నేను కొట్లో కూర్చున్న మొదటిరోజు పెళ్ళివారి పట్టుతాను అడ్డంగా కత్తిరించేశాను. మా నాన్న నా చేతిలోంచి కత్తెర లాక్కోలేదు. నేనూ లాక్కోను."

మండపం చప్పట్లతో దద్దరిల్లింది. నా జన్మలో అంత పెద్ద తప్పు నేను చేయలేదు, అంత గర్వంగా ఎప్పుడూ నిలబడలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా నాన్నగారు ఇంట్లో అసలు పందెమే కాయలేదు, రచ్చలో మాత్రం ఎదురులేదు.

మనిషి స్వభావం ఒకేచోట పాతేసిన గుంజ కాదని, చోటును బట్టీ ఎదుటి మనిషిని బట్టీ మారుతుందని చెప్పే పాఠం మా సిలబస్‌లోనూ ఉందట. పరీక్షలో రాదని ఎవరో చెబితే చాయిస్‌లో వదిలేశాను. ఇప్పుడు రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకి నేను మొట్టమొదట చెప్పే పాఠం అదే.

అన్నట్టు, చప్పట్లతో ఆ సభ ముగిసిందనుకుంటున్నారా. లేదండి. నాలుగు రోజులుగా దాచుకున్న మాటలన్నీ నాన్నగారి దగ్గర మిగిలిపోయాయి. ఆయన మైకు వదల్లేదు. సంఘం చరిత్ర అయింది, చేనేత అయింది, రెండు వరదలూ ఒక తుఫానూ అయ్యాయి. వంటవాళ్ళు గుమ్మంలోకి రెండుసార్లు తొంగిచూసి వెళ్ళారు. భాస్కర్రావుగారు కుర్చీలోంచి నాకేసి చూసిన చూపులో ఉన్న వేడుకోలు ఏ పుస్తకంలోనూ లేదు.

మొన్న ఆ సంఘం వాళ్ళే ఇంకో పెద్దాయనకి సన్మానం తలపెట్టి, వక్తల్లో నాన్నగారి పేరు వేశారు. వెయ్యకపోతే మర్యాద కాదు కదా. ఆ సాయంత్రం భాస్కర్రావుగారి నుంచి నాకు ఫోను.

"అమ్మా హైమా, బాగున్నావా? నాన్నగారి ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"నిక్షేపంలా ఉన్నారండి."

"ఆ అంతర్ముఖమో ఏదో చెప్పావు చూడు. అది మళ్ళీ తిరగబెట్టే సూచనలేమన్నా ఉన్నాయా?"

"లేవండి. పూర్తిగా నయమైపోయింది."

"పోనీ, ఆ ఒక్క సాయంత్రానికైనా తిరగబెట్టదంటావా తల్లీ?"

కాబట్టి యావన్మందికీ తెలియజేసుకునేదేమంటే, ఏ మనిషినైనా ఆయన కొట్లో పరుపు మీద ఒక పూట కూర్చుని వినకుండా అంతర్ముఖుడనో బహిర్ముఖుడనో ఇక జన్మలో తేల్చనని గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మా నాన్నగారి ముందు నుంచి మైకు తీయించమని ఎవరెంత బతిమాలినా తీయించను. భోజనాలు చల్లారిపోతే చల్లారిపోనివ్వండి. పులిహోర ఎలాగూ చల్లారితేనే రుచి.